ఏడో దేశం

స్ట్రాస్‌బర్గ్‌లో యూరప్ పార్లమెంటు సమావేశాలు ముగిశాయి. బ్రస్సెల్స్‌కు తిరిగి వెళ్ళాల్సిన సభ్యుల కాగితాల ఇనపపెట్టెలు నడవాలో బారుగా ఉన్నాయి. లాత్వియా సభ్యుడి పెట్టె మీద కూటమి చీటీ పీకేసి ఉండటం చూసి, పోర్చుగల్ సభ్యురాలు పెట్టె సర్దుకుంటున్న అతని ముందు ఆగిపోయింది.

"చీటీ నువ్వే పీకావా, రైమొండ్స్?"

"అవును, గ్రాసిందా గారూ. సోమవారం నుంచి పెద్ద కూటమిలో కూర్చుంటాను."

"ఏడు దేశాలవాళ్ళు ఉంటేనే మనది కూటమి. లాత్వియా నుంచి ఉన్నది నువ్వొక్కడివే."

"తెలుసండీ."

"తెలిసే చేశావన్నమాట. ఇక మనవాళ్ళంతా ఏ గుంపుకీ చెందక వెనక వరసలో కూర్చోవాలి. మా చిన్న పడవల జాలర్ల బిల్లు మీద మాట్లాడే వంతు అందరికన్నా చివరికి పోతుంది. మన ఆఫీసులో పనిచేసే పిల్లల ఉద్యోగాలు పోవడం సరేసరి."

"మిమ్మల్నీ చేర్చుకుంటారేమో, అడగమంటారా?"

"ఆ దయ నీ దగ్గరే ఉంచుకో నాయనా. వాళ్ళు నీ మొహం చూసి పిలిచారనుకుంటున్నావా? మన ఏడుని ఆరు చెయ్యడానికి పిలిచారు."

"అదీ తెలుసు. కానీ వాళ్ళు రీగాలో మా ఇంటికొచ్చి, నాకేం కావాలో అడిగారు. మీరు ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అడిగారా? మీటింగులో తలలు లెక్కపెట్టుకుంటూ 'లాత్వియా వచ్చిందా' అనేవారు. నా పేరు కూడా పలికేవారు కాదు."

ఆమె వెళ్ళిపోయినవాళ్ళని ఎంతోమందిని చూసింది కానీ, ఈ మనిషి గురించి ఎన్నడూ భయపడలేదు.

"నువ్వెక్కడికీ పోవనుకున్నాను," అంది.

"అందుకేనండీ," అని అతను పెట్టె మూత వేశాడు.