నిమిషానికి పద్నాలుగు లీటర్లు

నా పేరు, చిరునామా పైన గళ్ళలో మీరే రాసుకున్నారు. వయసు ముప్పై నాలుగు. వృత్తి, డైవింగ్ స్కూల్లో సిలిండర్లు నింపడం, నీళ్ళలోకి దిగేవాళ్ళకు గాలి లెక్క వేసి ఇవ్వడం. ఆసుపత్రి పాలైన మనిషి మా అక్క భర్త, నాకు బావ. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

బావ మూడేళ్ళుగా డైవింగ్ చేస్తున్నాడు. తక్కువ లోతులో కాసేపే ఉంటే ఎప్పుడైనా పైకి వచ్చేయవచ్చు. లోతుకు వెళ్ళి ఎక్కువసేపు ఉంటే మాత్రం, ఒంట్లో చేరిన వాయువు బయటికి పోయేదాకా దారిలో ఆగుతూ ఆగుతూ రావాలి. ఆగకుండా వస్తే సోడా సీసా మూత తీసినట్టే, రక్తంలో బుడగలు లేస్తాయి. ఈ విద్యలో మొదటి మెట్టు కోర్సుకి బావ ఈ నెలలోనే చేరాడు. ఆయనకు జంటగా దిగేది నేనే.

బావ గాలి ఎక్కువ పీలుస్తాడు. కొలిమితిత్తి అని పేరు పెట్టింది నేనే. "బావా, నీతో దిగితే చేపలకు కూడా ఊపిరాడదు" అనేదాన్ని. పోను పోను స్కూల్లో అందరూ అదే పేరుతో పిలిచారు. నవ్వేవాడు. నవ్వుతున్నాడు కదా అని నేనూ ఆపలేదు.

గత సోమవారం మధ్యాహ్నం మూడు గంటలకు, సిలిండర్లు నింపే గదిలో ఏ సిలిండర్లు తగిలించుకోవాలో మాట్లాడుకున్నాం. వీపుకి జంట సిలిండర్లు కట్టుకుందామన్నాను.

"అవి మోస్తే నా నడుము అక్కడే విరిగి కూర్చుంటుంది. పెద్దది ఒక్కటి చాలదూ?"

"నీ ఊపిరి లెక్క తే, చెబుతా. నిమిషానికి పదహారు లీటర్ల లోపైతే ఒక్కటి చాలు. దాటిందా, జంటే. ఆగేచోట్ల పీల్చడానికి పక్కన చిన్నది ఎలాగూ ఉంటుంది."

మంగళవారం ఈత కొలనులో పది నిమిషాలు ఈది, ముందూ వెనకా సిలిండర్ మీటరు చూసుకుని, లెక్క ఆయనే రాసుకొచ్చాడు. జుట్టు తడి ఆరలేదు. చెవిలో నీళ్ళు పోవడానికి ఒంటికాలి మీద గెంతుతూ, "పద్నాలుగు! ఇప్పుడేమంటావే?" అన్నాడు.

పద్నాలుగు కాదని నాకు తెలుసు. మూడేళ్ళుగా ఆయన సిలిండర్లు నింపుతున్నది నేనే. ఎంత ఖాళీ అయి వస్తాయో తెలియని దాన్ని కాదు. ఇరవై రెండుకి తగ్గదు. తెలిసి ఆ అంకెనే గాలి లెక్కలో ఎందుకు రాశారని ఇందాక అడిగారు, మళ్ళీ అడుగుతున్నారు. ఆయన నా ముందు అలా తలెత్తుకుని నిలబడింది అదే మొదటిసారి. అందుకని రాశాను. కోర్సు నేర్పే మాస్టర్ లెక్క సరిచూసి సంతకం చేశాడు. లెక్కలో తప్పు లేదు, అంకె తప్పు.

నిన్న ఉదయం తొమ్మిదీ పదికి, నీళ్ళు నిండిన పాత రాళ్ళ క్వారీలో నలభై మీటర్ల లోతుకు దిగాం. అక్క ఒడ్డున మెట్ల మీద కూర్చుని తువ్వాలు మడతపెడుతోంది. మడిచిందే మడుస్తోంది. పదో నిమిషంలో గాలి ఎంతుందో చూపించమని సైగ చేశాను. బాగానే ఉందని బావ వేళ్ళతో సున్నా చుట్టాడు. అంకె చూపించలేదు. నేను పట్టుబట్టలేదు. ఇరవై ఒకటో నిమిషంలో ఆయన మీటరు నేనే చేతిలోకి తీసుకున్నాను. మా లెక్క ప్రకారం ఇంకా నూట ముప్పై బార్ గాలి ఉండాలి. నలభై ఉంది.

వెంటనే పైకి తీసుకొచ్చాను. భయం పట్టుకుంటే ఊపిరి రెట్టింపవుతుంది. ఇరవై అయిదు మీటర్ల దగ్గర ఆయన పెద్ద సిలిండర్ ఖాళీ అయింది. నా రెండో గొట్టం ఆయన నోటికి అందించాను. ఇరవై ఒకటి దగ్గర చిన్న సిలిండర్లకు మారాం. ఆరు మీటర్ల దగ్గర ఆగాం. అక్కడ ఇంకా పదకొండు నిమిషాలు ఉండాల్సి ఉండగా ఆయన చిన్న సిలిండర్ కూడా అయిపోయింది. అప్పుడు టైము తొమ్మిదీ నలభై ఏడు.

నా పెద్ద సిలిండర్ గొట్టం మళ్ళీ ఆయన నోటికి పెట్టాను. పీల్చాడు. నీళ్ళలో రాసుకునే పలక తీసి, ఇద్దరికీ చాలుతుందని లెక్క చూపించాను. పలక మీద పై వరసలో ఆయన ఇచ్చిన అంకె ఉంది. బావ దాని వంకే చూసి, తల అడ్డంగా ఊపాడు. ఆ లెక్కను ఆయనెలా నమ్ముతాడు? గొట్టం తీసి నా చేతిలో పెట్టి, నా వేళ్ళు దాని చుట్టూ మూసి, పైకి వెళ్ళిపోయాడు. కాలు పట్టుకోబోయాను. జారిపోయింది.

వెనకాలే వెళితే నా గతీ అంతే. కొత్తవాళ్ళకు నేను చెప్పే మొదటి పాఠం అదే. పైనుంచి వేలాడదీసిన తాడు పట్టుకుని ఆగిపోయాను. పైన కాళ్ళు ఆడాయి. కాసేపటికి ఆడలేదు. ఆరు మీటర్లంటే రెండంతస్తుల ఎత్తు, అంతే. గడియారం చూశాను, పది నిమిషాలు. ఎంతోసేపు ఆగి మళ్ళీ చూశాను, పదే. మాస్కులో ఏడిస్తే తుడుచుకోవడానికి ఉండదు. తొమ్మిదీ యాభై ఎనిమిదికి పైకి వచ్చాను. నా పెద్ద సిలిండర్లో ఇంకా డెబ్బై ఐదు బార్ ఉంది. అది మీ దగ్గరే ఉంది, చూసుకోండి. ఇద్దరికీ చాలేది.

రక్తంలో బుడగలు కరగడానికి బావను ఆసుపత్రిలో ఒత్తిడి గదిలో పెట్టారు. నడుము కింద కదలిక లేదు. డాక్టరు ఇప్పుడే ఏమీ చెప్పలేనంటున్నాడు. అక్క నిన్నటి నుంచి ఆ గది అద్దం దగ్గరే నిలబడి ఉంది. కుర్చీ తెచ్చి వేశాను, కూర్చోలేదు. ఈ ఉదయం ఆరు గంటలకు నా వైపు తిరగకుండానే అడిగింది.

"ఒక్కదాన్నే లాగానే ఆయన్ని. చేతులు చాలక, నీళ్ళ మీద అరచేత్తో కొడుతూ నిన్ను పిలిచానే. వినపడలేదా?"

"వినపడింది అక్కా" అన్నాను.



పైదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పిన మాటలే ఉన్నాయి. ఇదంతా నిజం, దాచిందేమీ లేదు. ఒప్పుకుని కింద సంతకం చేస్తున్నాను.

(సంతకం)