పిడుగు భోజనానికి వచ్చాడు

మిట్టమధ్యాహ్నం. ఊరి చివర లారీలను తూచే కాటా. దాని మీద ఒక మోటార్‌సైకిల్, దాని మీద ఒక మనిషి.

"కదలకండి, కదలకండి! ముల్లు ఆగనివ్వండి."

"నేను తూయించుకోడానికి రాలేదండీ. నీడ ఉందని ఆపాను."

"దీని మీద లారీ తప్ప ఇంకోటి ఎక్కింది లేదు. అందుకని చూస్తున్నా... అబ్బే, ముల్లు కదల్లేదు. మీరూ మీ బండీ కలిసినా లెక్కలోకి రారు."

"బండి సంగతి ఏమో గానీ, నా సంగతి నాకు ముందే తెలుసు లెండి."

"ఎక్కణ్ణించి?"

"చాలా దూరం నుంచి."

"ఎక్కడికి?"

"ఇంకా చాలా దూరం."

"ఒక్కరే?"

"ఒక్కణ్ణే."

"స్నేహితులెవరూ రాలేదా?"

"ఉంటేగా రావడానికి! వాళ్ళని సంపాదించుకుందామనే బయల్దేరాను. మా అక్క పోరు పడలేక. 'అద్దాలు అరగదీసీ అరగదీసీ నువ్వే అరిగిపోతున్నావురా, నాలుగు ఊళ్ళు తిరిగి నలుగురు మనుషుల్ని కలుపుకుని రా' అని తరిమింది."

"అద్దాలంటే?"

"కళ్ళద్దాలు. షాపులో వెనక గదిలో కూర్చుని సానపడతాను. మనుషులు ముందు గదిలోనే ఆగిపోతారు. నా దాకా రారు."

"మరి దొరికారా నలుగురు?"

"ఒక్కడూ దొరకలేదు. ఆగిన ప్రతిచోటా జనం మూగుతారు. మూగి, బండితో మాట్లాడతారు. లీటరుకి ఎంత ఇస్తుంది, బ్రేకులెలా ఉన్నాయి, గేర్లు పడుతున్నాయా. ఒకాయనైతే సీటు నిమిరి 'జాగ్రత్తమ్మా' అన్నాడు. నన్ను మంచినీళ్ళు కావాలా అని అడిగినవాడు లేడు."

"మంచినీళ్ళు కావాలా?"

"బండికా అండీ?"

"ఏమండీ, మిమ్మల్నే."

"కావాలండీ."

"తాగండి. నిదానంగా తాగండి, పొలమారుతుంది. భోజనం అయిందా?"

"ఇంకా లేదు."

"మా ఇంట్లో తిందాం. ఈ పక్క వీధే. కాకపోతే చిన్న పని ఒకటుంది."

"చెప్పండి."

"మీ పేరు పిడుగు."

"కాదండీ, నా పేరు..."

"చెప్పకండి! చెప్పారంటే గుర్తుండిపోతుంది, అక్కడ నోరు జారతాను. మీరు పిడుగు. నా చిన్ననాటి స్నేహితుడు. మా ఆవిడ ముందు అన్నం తిని, నాలుగు మాటలు మాట్లాడి, మీ దారిన మీరు పోవచ్చు."

"ఎందుకండీ ఇదంతా?"

"మా పెద్దమ్మాయికి నెలలు నిండాయి. పురుడు పోయడానికి మా ఆవిడ రేపు వెళ్ళాలి. నన్నొక్కణ్ణీ వదిలి కాలు కదపనంటోంది. 'మీకు ఒంట్లో బాగోకపోతే తలుపు తట్టే మనిషి ఒక్కడున్నాడా' అని ఒకటే గోల. పిడుగు ఉన్నాడుగా అన్నాను. అయితే ఇవాళ భోజనానికి తీసుకురండి అంది. అక్కడ అమ్మాయి ఒక్కత్తీ ఎదురుచూస్తోంది బాబూ. ఈవిడ కదలదు."

"మరి ఆ పిడుగునే తీసుకెళ్ళొచ్చుగా?"

"లేడు."

"అయ్యో, పోయాడా?"

"పుట్టలేదు."

"అంటే?"

"పెళ్ళైన కొత్తలో అడిగింది, 'మీకంటూ స్నేహితుడెవరూ లేడా' అని. జాలిగా అడిగింది. ఆ జాలి చూడలేక ఉన్నాడన్నాను. ఇక అప్పట్నుంచీ వాణ్ణి పోషిస్తూనే ఉన్నాను."

"నిజంగా ఒక్కరూ లేరా? ఇన్ని లారీలు వస్తాయిగా?"

"వస్తాయి. డ్రైవర్లు దిగరు. కిటికీలోంచి ఒక చెయ్యి వస్తుంది, చీటీ తీసుకుంటుంది, పోతుంది. నాకు తెలిసినవన్నీ చేతులే. కొన్ని మంచి చేతులే అనుకోండి."

"సరే. చెప్పండి, పిడుగంటే ఎలా ఉంటాడు?"

"మొదటిది, మీకు ఎడమ చెవి వినపడదు."

"ఎందుకని?"

"ఒకసారి ఇంటికి పిలవమంది. పిలిచాను, వాడికి వినపడలేదు అన్నాను."

"బాగుంది."

"కాకరకాయంటే మీకు ప్రాణం."

"నాకసలు పడదండీ."

"పిడుగుకి పడుతుంది. తర్వాత, మీకు కవల పిల్లలు."

"ఆడా, మగా?"

"ఒకసారి ఆడ అన్నాను, ఒకసారి మగ అన్నాను. మీరు 'పిల్లలు' అని ఊరుకోండి. ఇంకోటి, ఎలుగుబంటి నుంచి నన్ను కాపాడింది మీరే."

"ఎక్కడ?"

"బావిలో."

"బావిలో ఎలుగుబంటా?"

"బావిలో నేను. పైన ఎలుగుబంటి. ఎక్కువ అడిగితే దగ్గండి."

"అన్నీ సరే గానీ, చిన్ననాటి స్నేహితుణ్ణంటున్నారు. అంటే ఒకే బడి అయ్యుండాలి. నాకు నలభై. మీకేమో..."

"నేను చాలాసార్లు తప్పానని చెప్తాను."

"ఇరవై ఏళ్ళు తప్పారా?"

"చదువు అబ్బలేదు మరి! పదండి. ఆ, మర్చిపోయాను, నన్ను 'ఒరేయ్' అనాలి."

"పెద్దవారు. నోరు రాదండీ."

"ఒక్కసారి అనండి."

"ఒరేయ్... అండీ."

"దారిలో సాధన చేద్దాం."

కాటా చూసే ఆయన ఇల్లు. వంటగదిని ఆనుకుని చిన్న భోజనాల బల్ల.

"ఏమేవ్! ఎవరొచ్చారో చూడు! పిడుగు!"

"పిడుగు గారే! రండి అన్నయ్యగారూ, రండి. ఇన్నేళ్ళకి దయ కలిగిందా మా మీద? అదేమిటి, ఇంత చిన్నగా ఉన్నారు!"

"నేను... కాస్త ఆలస్యంగా పుట్టాను చెల్లెమ్మా."

"వాడంతే, మొదట్నుంచీ అన్నిటికీ ఆలస్యమే! కూర్చోరా."

"కూర్చుంటాను ఒరేయ్... గారూ."

"గారేమిటండీ అన్నయ్యగారూ, మీ స్నేహితుణ్ణి?"

"ఎప్పుడన్నా ముద్దొచ్చినప్పుడు అలా అంటాడే. నువ్వు వడ్డించు."

"వడ్డిస్తూనే ఉన్నానుగా. అన్నయ్యగారూ, ఇంకాస్త కాకరకాయ వెయ్యనా?"

"వద్దు వద్దు, చాలమ్మా!"

"అదేమిటి, ఎడమ పక్క నుంచి అడిగాను. వినపడిందే!"

"ఆ... ఈ మధ్య ఆ చెవికి కాకరకాయ అన్న మాట ఒక్కటి వినపడుతోంది."

"ప్రాణం కదే వాడికి! ఇంకో రెండు గరిటెలు వెయ్యి."

"ఒరేయ్!"

"అదుగో, విన్నావా? ఒరేయ్ అన్నాడు."

"విన్నాను లెండి. పిల్లలెలా ఉన్నారు అన్నయ్యగారూ?"

"బాగున్నారు చెల్లెమ్మా. ముగ్గురూ బాగున్నారు."

"ముగ్గురా?"

"ముగ్గురేమిట్రా! కవలలు!"

"కవలలిద్దరే. మూడోవాడు పక్కింటివాడు. ఎప్పుడూ మా ఇంట్లోనే పడుంటాడు, నేనూ కలిపి లెక్కపెట్టేస్తుంటాను."

"మంచి మనసు. ఎలుగుబంటి నుంచి ఈయన్ని కాపాడిందీ మీరేనటగా? ఈయన నోటినుంచి వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. ఒక్కసారి మీ నోట వినాలని ఉంది."

"ఖళ్... ఖళ్..."

"నీళ్ళు తాగండి. తాగి చెప్పండి."

"వాడికి పొలమారిందే, ఎందుకు ఇబ్బంది పెడతావు? నేను చెప్తాలే. నేను బావిలో పడ్డాను. ఇంతలో..."

"లేదు, ఉండండి. ఉండరా. నేను చెప్తాను."

"నువ్వా?"

"నేనే. చెల్లెమ్మా, వీడు బావిలో పడ్డాడు. నడుంలోతు నీళ్ళు. నేను పైన ఒక్కణ్ణే. చేతిలో తాడు లేదు, కర్ర లేదు. వెనక్కి తిరిగితే ఎలుగుబంటి."

"అమ్మో!"

"వీడు లోపల్నుంచి ఏమని అరిచాడో తెలుసా? 'నువ్వు పారిపోరా, నాకు ఒక్కణ్ణే ఉండటం అలవాటే' అన్నాడు."

"అలా అన్నారా ఈయన?"

"నాకు కాళ్ళు రాలేదు. అలా అన్నవాణ్ణి వదిలి ఎలా వెళ్తాం? బావి గట్టు మీద కూర్చుని, లోపలికి వంగి వీడితో కబుర్లు చెప్పడం మొదలుపెట్టాను. నోటికి ఏదొస్తే అది. మా అక్క గురించి. చత్వారం గురించి. కాసేపటికి ఎలుగుబంటి కూడా వచ్చి పక్కన కూర్చుంది."

"కూర్చుందా? ఏమీ చెయ్యలేదా?"

"ఏమీ చెయ్యలేదు. దానికి కూడా ఎవరూ లేరనుకుంటాను."

"...అవునవును. నాకు గుర్తుంది. పైకి చూస్తే రెండు తలకాయలు కనపడ్డాయి."

"ఏవండీ, కళ్ళెందుకు తుడుచుకుంటున్నారు?"

"కారం."

"ఇవాళ కూరలో నేను కారమే వెయ్యలేదు."

"అయితే ఉప్పు. అదుగో, లారీ హారన్! కాటా దగ్గర ఎవరో వచ్చారు. ఒరేయ్ పిడుగూ, నువ్వు తింటూ ఉండు. ఇప్పుడే వచ్చేస్తా. వెళ్ళిపోకు. నేను వచ్చాక వెళ్దువుగాని."

"వెళ్ళనురా. నువ్వు వెళ్ళి రా."

"వెళ్ళారు. ఇక ఆ కాకరకాయ పక్కకి నెట్టెయ్యండి బాబూ. పాపం, మందు మింగినట్టు మింగుతున్నారు."

"అబ్బే, నాకు ప్రాణం కదా చెల్లెమ్మా..."

"పిడుగుకి ప్రాణం. మీకు కాదు. ఉండండి, వేరే కూర వేస్తాను."

"అంటే మీకు... ఎప్పట్నుంచి తెలుసమ్మా?"

"ఒకసారి పిడుగు చచ్చిపోయాడని ఈయన రెండ్రోజులు అన్నం ముట్టలేదు. నెల తిరక్కుండా పిడుగు పెళ్ళికి పిలిచాడని కొత్త చొక్కా కుట్టించుకున్నారు. అప్పట్నుంచి."

"మరి ఎప్పుడూ అడగలేదా?"

"అడిగి ఏం చెయ్యను? ఉన్న ఒక్క స్నేహితుణ్ణీ నేనే చంపుకోనా? అయినా ఆ పెళ్ళి రోజు ఎంత సంతోషంగా బయల్దేరారనుకున్నారు! సాయంత్రం దాకా కాటా దగ్గరే కూర్చుని వచ్చారు. భోజనాలు బాగున్నాయన్నారు."

"నన్ను క్షమించండి. మీ అన్నం తింటూ అబద్ధాలాడాను. చెయ్యి కడుక్కుని బయల్దేరతాను."

"కూర్చోండి. ఎలుగుబంటి పక్కన కూర్చుందన్నది ఎవరు చెప్పమన్నారు మీకు?"

"ఎవరూ చెప్పమనలేదు. అలా వచ్చేసింది."

"ఈయన చెప్పే కథలో ఎలుగుబంటి పారిపోతుంది. ఎప్పుడూ పారిపోతుంది. మీ దాంట్లోనే ఆగింది. బాబూ, మీకు అవతల ఏమన్నా తొందర పనుందా?"

"వెళ్ళాలండీ. ఇంకా చాలా దూరం ఉంది."

"అక్కడ ఎవరున్నారు?"

"...ఎవరూ లేరు."

"మరింకేం? ఆ చివరి గది ఖాళీగానే ఉంది. కిటికీ ఒక్కటే సరిగా పడదు. నేను పురుడు పోసి వచ్చేదాకా ఉండండి. ఈయనకి గురక ఉంది. పెడుతున్నంతసేపూ మీరు నిద్రపోవచ్చు. ఆగితేనే లేచి చూడాలి."

"అమ్మా, మీరు నన్ను చూసి గంట కాలేదు. నా పేరేమిటో కూడా మీకు తెలీదు. ముక్కూ మొహం తెలియనివాణ్ణి, ఏదో ఒక్క పూట వేషం వెయ్యమంటే వచ్చినవాణ్ణి, ఇంట్లో పెట్టి వెళ్ళిపోతారా? ఎక్కడన్నా ఉందా ఇలా?"

"నేను ఈ ఇంటికి కరెంటు మీటరు చూసి పోదామని వచ్చినదాన్ని బాబూ. వాళ్ళమ్మ ఆఖరి ఊపిరిలో ఉంది, కొడుకు ఒంటరివాడని కన్ను మూయలేకపోతోంది. 'ఒక్క పది నిమిషాలు నా పెళ్ళాంలా పక్కన కూర్చుని వెళ్ళిపోండి' అని ఈయన దణ్ణం పెట్టారు. కూర్చున్నాను. ఆవిడ నన్ను చూసి, లేచి కూర్చుని, అన్నం పెట్టమని, ఇంకో పన్నెండేళ్ళు బతికింది. ఏం చెయ్యను మరి? ఈలోగా మాకు ముగ్గురు పిల్లలు."