తక్కెడకి లొంగని హెడ్‌సెట్

దశరథరామయ్య టీ తాగడు, చుట్ట కాల్చడు, ఇచ్చిన మాట తప్పడు. అలాంటి మనిషి పొద్దున్నే జగ్గయ్యపేట బస్టాండు ఎదురుగా రత్తమ్మ టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడంటే ఏదో పని ఉండబట్టే. ఆయన నందిగామ బస్సు కోసం చూస్తున్నాడు. కండువా కొసన తాంబూలం మూటకట్టి ఉంది.

ఆయన ఊరి తిరునాళ్ళకి మైకు సెట్టు ఎవరిదో తేల్చేది ఆ తాంబూలమే. కాగితం రాసుకోరు, బయానా ఇవ్వరు. ఊరి పెద్దగా ఆయన ఆకూవక్కా ఎవరి చేతిలో పెడితే ఆ ఏడు మైకు వాళ్ళది. ఏళ్ళ తరబడి అది పేటలో మైకు షాపు జాన్‌బాషా చేతికే వెళ్ళింది. ఈసారి నందిగామలో కొత్తగా షాపు తెరిచిన భవానీప్రసాద్‌కి ఇద్దామని దశరథరామయ్య బయల్దేరాడు. ఇంకా మాట ఇవ్వలేదు గానీ, మనసులో అనుకున్నాడు.

పోయినేడు తిరునాళ్ళలో బాషా మైకు గొట్టాన్ని కొబ్బరిచెట్టుకి కట్టకుండా ఎడ్లబండి నొగకి కట్టాడు. ముందు కూర్చున్న ఆడవాళ్ళకి చెవులు గింగురుమన్నాయి. వెనక కూర్చున్నవాళ్ళకి హరికథ ఒక్క ముక్క అందలేదు. ఇదేంటని అడిగితే గాలి అన్నాడు, పిడుగు అన్నాడు, చెట్టుకి చీమలున్నాయన్నాడు. దశరథరామయ్య దానికి బద్ధకమని పేరు పెట్టాడు. బద్ధకాన్ని ఆయన కన్నకొడుకులోనైనా క్షమించడు.

అయినా ఇన్నాళ్ళు తమ ఊరికి వచ్చిన మనిషిని చాటుగా తీసెయ్యడం పద్ధతి కాదు. ఎదురుగా చెప్పి వెళదామని ఇక్కడ ఆగాడు.

జాన్‌బాషా రానే వచ్చాడు. ముందు మూట వంక చూశాడు, తర్వాత మనిషి వంక చూశాడు.

"ఎక్కడికండీ బాబాయిగారూ?"

"నందిగామ. భవానీప్రసాద్ దగ్గరికి."

బాషా మొహం ఒక్క క్షణం వాడిపోయింది. దశరథరామయ్య వద్దన్న మైకుని చుట్టుపక్కల ఏ పల్లే పిలవదని అతనికి తెలుసు. ఆ బస్సు కదిలిందంటే అతని షాపు మూసుకున్నట్టే.

"ఆ కుర్రాడి ఆంప్లిఫయరు కొత్తదట. చాలా తేలికట. చంకలో పెట్టుకుని వస్తాట్ట," అన్నాడు దశరథరామయ్య, ఏదో ఒక కారణం చెప్పాలని.

"తేలికా!" అన్నాడు బాషా. వాడిన మొహం ఎక్కడికి పోయిందో, బల్ల మీద కాలు మడిచి కూర్చున్నాడు. "తేలిక సంగతి నన్నడగండి. బస్సుకింకా టైముంది. రత్తమ్మక్కా, టీ పెట్టు. పత్తికి తెల్లదోమ పట్టిన ఏడాది నందిగామ చేల మీద మందు కొట్టడానికి విమానం వచ్చిందా, రాలేదా? కృష్ణయ్యా, నువ్వే చెప్పు."

కృష్ణయ్య పత్తి రైతు, పక్కన బన్ను తింటున్నాడు. "వచ్చింది. దోమ మీదకంటే నా మీదే ఎక్కువ కొట్టింది," అన్నాడు.

"విన్నారుగా! ఆ పైలటు చెవులకి పెట్టుకునే హెడ్‌సెట్టు మూగబోయింది. హెడ్‌సెట్టంటే చెవులకి రెండు చిప్పలు, నెత్తి మీదుగా ఒక కమ్మీ, మూతి ముందు మిరపకాయంత మైకు. మనూళ్ళో ఇంకెవరున్నారండీ? నాకు కబురు పెట్టారు. వెళ్ళా, చూసా, ఊడిన వైరు అతికించా. అంతే. ఒక్క ముక్క ఎక్కువ చెప్పను."

ఇంతవరకు నిజమే అయ్యుంటుందని దశరథరామయ్య తల ఊపాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పైలటు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. 'బాషాగారూ...' అన్నాడు."

"నిన్ను గారూ అన్నాడా?" అంది రత్తమ్మ.

"హిందీలో అన్నాడక్కా, మన లెక్కలో గారే. 'బాషాగారూ, ఈ పని అవగానే నేను లండనుకి విమానం తోలుకెళ్ళాలి. అన్ని గంటలు ఈ బరువు మొయ్యలేను, తేలికైంది మీరే ఎంచిపెట్టాలి' అన్నాడు. మనిషిని చూసా. పాపం, మొయ్యగా మొయ్యగా మెడ లోపలికి దిగిపోయి చొక్కా కాలరు చెవులకి తగులుతోందండీ. భోంచేస్తే మెతుకులు నేరుగా కడుపులో పడుతున్నాయి, మధ్యలో గొంతు లేదు."

కృష్ణయ్యకి బన్ను అడ్డం పడింది.

"బొంబాయి నుంచి పెట్టెలకి పెట్టెలు తెప్పించాడు. పెట్టుకోగానే బాగుందనేవాడు వెర్రివాడండీ. కొట్లో నాలుగడుగులు వేస్తే ఏ చెప్పైనా బాగానే ఉంటుంది, ఊరికి నడిచి వెళ్తేగా ఎక్కడ కరిచేదీ తెలిసేది! అందుకని ఒక్కోటీ పెట్టుకుని పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా కదలకుండా కూర్చున్నా. ఒకటి గుమ్మడికాయ. ఇంకోటి తేలికే గానీ, తల అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది. కళ్ళజోడు పెట్టుకున్నవాడికైతే దాని కొమ్ము కణతలో దిగుతుంది. మరోటి తేలికా, మెత్తనా, కానీ ఇంజను మోతంతా లోపలికి రానిస్తుంది. తలుపు లేని ఇల్లు తేలిగ్గా ఉంటే మాత్రం ఏం లాభమండీ?"

దశరథరామయ్య మొహం తిప్పుకున్నాడు గానీ, చెవి అటే ఉంది. మాట బాగుంది. మనిషినైనా, వస్తువునైనా తొలిరోజు చూసి కాదు, చాలాసేపు మోసి చూసి ఎంచుకోవాలి. అబద్ధాల మధ్య ఇలాంటి మాట ఎలా పుడుతుందో ఆయనకి అర్థం కాలేదు.

"చివరికి నేనే ఒకటి కట్టా. కమ్మీకి వెదురు చీల్చి దబ్బ తీసా. చిప్పల్లో బూరుగు దూది కూరా. ఎంత తేలికంటారు? కిరాణా కొట్లో తక్కెడలో పెడితే, ఖాళీ సిబ్బె కిందికి దిగి, సెట్టున్న సిబ్బె పైకి లేచింది! తూకంరాయి ఎటు వెయ్యాలో తెలీక కొట్టాయన తల పట్టుకున్నాడు. ఆఖరికి సెట్టు మీద బెల్లం దిమ్మ పెట్టి తూచి, తర్వాత తీసేద్దామన్నాడు. తీస్తే బెల్లం తరిగింది!"

"అది కొట్టాయన పని. సెట్టుని అనకు," అంది రత్తమ్మ.

"పైలటు పెట్టుకున్నాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు. నందిగామలో లేచామండీ, కీసర, మైలవరం, రెడ్డిగూడెం అన్నీ అరచేతిలో గీతల్లా కనబడుతున్నాయి. ఇంజను మోత ఆవగింజంత లోపలికి వస్తే ఒట్టు. అంత నిశ్శబ్దం! ఇంజను ఆగిపోయిందేమోనని పైలటుకి అనుమానం వచ్చింది. తలుపు తీసుకుని, రెక్క మీద నడిచి వెళ్ళి, చెయ్యి పెట్టి చూసొచ్చాడు. 'తిరుగుతూనే ఉంది బాషాగారూ' అన్నాడు."

"మరి అంతసేపు విమానం ఎవరు తోలారయ్యా?" అన్నాడు కృష్ణయ్య.

"ఇదిగో ఈ చేతులు! సముద్రాలు దాటాం. లండను మీదున్నాం. ఆ సెట్టులో ఏం వినబడిందో తెలుసా? పేటలో మా ఆవిడ షాజాది చారుకి తాళింపు వేస్తున్న చిటపటలు! 'ఇంగువ మర్చిపోయావే' అన్నా. అక్కడ గరిటె చప్పుడు ఆగింది. డబ్బా మూత తీసిన చప్పుడైంది. వేసింది."

నవ్వకూడదనుకున్న దశరథరామయ్య కండువా మూతికి అడ్డం పెట్టుకున్నాడు. అబద్ధం అబద్ధమే. కానీ ఈ మనిషి దాన్ని వడ్రంగి తలుపు బిగించినంత శ్రద్ధగా బిగిస్తున్నాడు, ఎక్కడా సందు లేదు. ఇంత శ్రమ చెయ్యగలవాడు ఒక గొట్టం చెట్టుకి కట్టడానికి బద్ధకిస్తాడా? ఆ మాట ఆయనకి మొదటిసారి తోచింది.

"అప్పుడొచ్చిందండీ గండం! తోక మీద వైరు ఊడింది. గాలి చూస్తే ఏనుగుని ఎత్తుకుపోయేలా ఉంది. పైలటు 'నా వల్ల కాదు' అన్నాడు. 'నువ్వు కూర్చో నాయనా' అని నేను లేచా. తలపాగా విప్పా. రెక్క మీదుగా తోక మీదకి ఎక్కా. కింద చూస్తే మబ్బులు, మబ్బుల కింద కొండలు..."

"కింద చూశావా?" అంది రత్తమ్మ.

"చూడక!"

"చేతులు వదిలేసే?"

"రెండు చేతులూ! వదలకపోతే వైరు ఎలా కడతానక్కా?"

రత్తమ్మ గ్లాసులు కడగడం ఆపి, చెంగుతో చెయ్యి తుడుచుకుంది.

"మరి మొన్న మా మనవరాలి ఓణీల ఫంక్షనుకి ఈ పాక మీద గొట్టం కట్టమంటే, నిచ్చెన రెండో మెట్టు మీద కళ్ళు మూసుకుని అల్లాని పిలిచావేం బాషా? నిన్ను దింపి మజ్జిగ ఇచ్చింది నేను. పైకెక్కి కట్టింది షాజాది. నువ్వు కింద నిచ్చెన పట్టుకున్నావు, అదీ కళ్ళు తెరవకుండా."

కొట్టు కొట్టంతా గొల్లుమంది. కృష్ణయ్య బల్ల చరిచాడు. కథలో తోక మీద ఎక్కిన బాషా అక్కడే ఉండిపోయాడు.

ఒక్క దశరథరామయ్య నవ్వలేదు.

"బాషా, మా చెట్టుకి గొట్టం ఏటా ఎవరు కడతారు?"

"షాజాదేనండీ. జనం చేరకముందే తెల్లారగట్ల వచ్చి కట్టి వెళ్ళిపోతుంది."

"పోయినేడు?"

"పురిటికి మధిర వెళ్ళిందండీ, పుట్టింటికి."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా? గాలేంటి, పిడుగేంటి, చీమలేంటి?"

బాషా తల దించుకున్నాడు. "ఆకాశం ఎక్కొచ్చానని ఊరందరికీ చెప్పుకున్నవాణ్ణి. నిచ్చెన ఎక్కలేనని ఏ మొహంతో చెప్పనండీ?"

నందిగామ బస్సు వచ్చి ఆగింది. కండక్టరు కేకేశాడు. దశరథరామయ్య లేవలేదు. బస్సు వెళ్ళిపోయింది. ఆయన కండువా కొస విప్పి తాంబూలం బయటికి తీశాడు. బాషా గబగబా రెండు చేతులూ చాపాడు.

"ఇది నీకు కాదు," అన్నాడు దశరథరామయ్య. "తీసుకెళ్ళి షాజాది చేతిలో పెట్టు. గొట్టం పోయినేడులా నడుమెత్తున కాదు, చెట్టు మొవ్వులో ఉండాలని చెప్పు. ఇకమీదట తెల్లారగట్ల రానక్కర్లేదు. పట్టపగలు, అందరూ చూస్తుండగా ఎక్కి కట్టమను."

"చెప్తా బాబాయిగారూ."

బాషా తాంబూలం కళ్ళకద్దుకుని రోడ్డు మీదకి దిగాడు. దశరథరామయ్య చెప్పులు తొడుక్కున్నాడు, కండువా దులిపాడు, ఇంటి దారి పట్టబోయి ఆగాడు. ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించి పిలిచాడు.

"ఏమయ్యా బాషా... ఇంతకీ ఆ తోక మీంచి ఎలా దిగావు?"

బాషా వెనక్కి తిరిగాడు. మొహం మళ్ళీ వెలిగింది.

"షాజాది నిచ్చెన తెచ్చి వేసిందండీ. కళ్ళు మూసుకుని దిగా!"