రొద లేని గిటార్

మరమ్మతు కొట్టులో మేనల్లుడు స్పీకరు పెట్టె ఆన్ చేశాడు. హోటళ్ళలో ముప్ఫై ఏళ్ళు గిటార్ వాయించిన మేనమామ ఎదురుగా స్టూలు మీద తన గిటార్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

“మళ్ళీ మొద్దుగా మోగిందో, ఊరుకోను అల్లుడూ. ఇది మూడోసారి.”

“తీగల చప్పుడు పట్టే పికప్‌లో రెండు కాయిల్స్ కదా మావయ్యా. ఒక్కటే పలికితే మరీ డొల్లగా ఉంటుందని కిందటిసారి రెండోదాన్ని కొంచెం పలకనిచ్చాను. ఇవాళ దాని నోరు పూర్తిగా నొక్కేశాను.”

“గొణక్క, గట్టిగా చెప్పి ఏడు.”

“గిటార్ మీది ఈ నాబ్ పైకి లాగితే ఒక్క కాయిలే పలుకుతుంది! కానీ రెండూ కలిసుంటేనే రొద అణుగుతుంది. ఒకటి ఆపితే గుయ్‌మంటుంది. దానికి నేనేం చెయ్యలేను.”

“సరే, లాగు... లాగావా?”

“లాగాను. వాయించు.”

“ఏదిరా తేడా? అదే మొద్దు!”

“చెవులు చిల్లులు పడుతున్నాయని పక్క కొట్టు టైలరు తలుపేసుకున్నాడు మావయ్యా.”

“వాడికేం తెలుసు! ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి. గుయ్‌మంటుందన్నావా, వాయించడం ఆపి చూశాను, చుక్క రొద లేదు. నీ చెయ్యి మంచిదిరా.”

మేనల్లుడు స్పీకరు పెట్టె వైపు చూశాడు.

“అటు చూస్తావేం?”

“ఏం లేదు. మంచినీళ్ళు తాగుతావా?”

“వద్దులే, వెళ్తాను.”

లేవబోతూ ఆయన ఆసరాకి స్పీకరు పెట్టె మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

“నేను వాయించట్లేదుగా. ఇదెందుకురా వణుకుతోంది?”

మేనల్లుడు పెట్టె స్విచ్ వైపు చెయ్యి చాచాడు.

“ఉండు. ఎప్పట్నుంచి మోగుతోంది?”

“నాబ్ లాగినప్పట్నుంచీ, మావయ్యా.”