ఖాళీ పెరుగు డబ్బా

అమెరికాలోని ప్లేనోలో శనివారం మధ్యాహ్నం విందు ముగిసింది. అతిథులు బూట్లు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డారు. మిగిలిన ముక్కల పులుసు ఎందులో పోసి పంపాలో తెలియక ఇంటాయన వంటింటి అల్మరాలన్నీ వెతుకుతున్నాడు.

"ఖాళీ పెరుగు డబ్బాలేవే?" అని భార్యనడిగాడు.

"రీసైకిల్‌లో వేసేశాను. ప్లాస్టిక్ మానమని ఏడాదిపాటు ఆ పెరుగు కంపెనీకి ఈమెయిల్స్ పెట్టి, నేనే ఇంట్లో దాచుకుంటే నలుగురూ నవ్వరూ?"

"మరి కొత్త డబ్బాలు?"

"కంపెనీ నా మాట విన్నదండీ! ఇప్పుడన్నీ అట్ట డబ్బాలే. పులుసు పోస్తే కారు సీటంతా పులుసే."

"ఊరంతా ఒక్కసారి వాడి పారేస్తారు గానీ, మనం ఒక్కో డబ్బా ఆరేళ్లు వాడాం కదే. మనకెందుకొచ్చిన ఉద్యమం?"

"గెలిచాక అడుగుతారేం?"

"పోనీ జిప్‌లాక్ ప్లాస్టిక్ కవర్లో పోసెయ్."

"ఈమెయిల్స్ రాసిన చేత్తోనా?"

"స్టీలు డబ్బాలో?"

"వెళ్లిన స్టీలు ఎప్పుడైనా తిరిగొచ్చిందా? మా అమ్మ పేరు కొట్టించిన డబ్బా ఇర్వింగ్ ఊళ్లో ఎవరింట్లో ఉందో!"

గుమ్మంలో కారు తాళాలు గలగలమన్నాయి. ఉత్తచేతులతో పంపితే ఇక తలెత్తుకోలేమనుకుంటూ ఆయన గుమ్మం వైపు తొంగిచూశాడు.

"వాళ్లకేం చెప్పను?"

"రేపు కూడా భోజనానికి రమ్మనండి. పులుసు ఇక్కడే తినేసి వెళతారు."

ఆయన వెళ్లి, చెప్పి, తిరిగొచ్చాడు.

"వస్తారట. ఊరికే రారట, గోంగూర పచ్చడి తెస్తారట."

"దేంట్లో తెస్తారట?"

"ఇంకా దేంట్లో? వాళ్లింట్లో పాత పెరుగు డబ్బాలున్నాయిగా."

ఆవిడ గొంతు తగ్గించింది.

"అయితే ఆ డబ్బా మాత్రం తిరిగివ్వకండి."