మట్టిలో మైనం ముక్క

కొడకండ్లలో అండాలు ఇల్లు. హైదరాబాద్ దవాఖానాలో ఉన్న మొగుడు సంతోష్ దగ్గరికి బయలుదేరిన కోడలు సౌందర్య ఇల్లంతా తిరగేస్తోంది. అత్త అండాలుకు మాత్రం ధ్యాసంతా చింతపండులో గింజలు తీయడం మీదే.

"బీరువల లేదు, ఫ్రిజ్ మీద లేదు. అత్తమ్మ, జర నా దిక్కు చూడు. మైనం ముక్క ఏది?"

"ఏ మైనం?"

"సంతోష్ ఎన్నుపూసలకెల్లి తీసిన గడ్డ! మైనంల పెట్టి డబ్బీల ఇచ్చిండ్రు గద. నీ చేతికే ఇచ్చిన."

"ఇచ్చినవ్. చాయ తాగినవా?"

"చాయ గాదు, బస్సొస్తది!"

"గడ్డ తీసేసిండ్రాయె. ఇంక దాంతోని ఏం పని?"

"ఏ రకం గడ్డనో తెల్వాలె. ముక్కను పల్చగ కోసి మందేస్తరట. అండ్ల ఏ ప్రోటీన్ ఉన్నదో రంగు తేలి కనబడ్తదట. గప్పుడు కరెంట్, గదే రేడియేషన్, పెట్టాల్నో వద్దో చెప్తరు."

"పెట్టమను."

"ఉత్తగనే పెడ్తరా? కాళ్లు పడిపోతే? పెట్టకుంటె, గడ్డ మల్ల మొలిస్తే? నాకు నిద్ర పడ్తలేదత్తమ్మ. ఏడ పెట్టినవ్?"

"ఉన్నది తియ్యి."

"ఉన్నదంటే ఏడ? పారేసినవా?"

"పారేస్తనా! నా కొడుకు ఒంట్లది పారేస్తనా!"

"మరేడ?"

"మట్టిల."

"మట్టిలనా?"

"ఒంట్లకెల్లి తీసింది ఊర్లు తిప్పొద్దు బిడ్డ. మన మట్టిలనే గలవాలె. వాడు పుట్టిననాడు మాయ పాతిపెట్టిన కాడనే పెట్టిన. దొడ్లె, గోడ పక్కపొంటి. పాలు గూడ వోసిన."

"అయ్యో అత్తమ్మ! నన్నొక్క మాట అడగొద్దా?"

"అడిగితె ఒద్దంటవని."

"మూత విప్పినవా?"

"విప్పలే. డబ్బీతోనే పెట్టిన."

"గట్లయితే పాడుగాలేదేమో. గడ్డపార ఏది? లే, జాగ చూపియ్యి. లే అత్తమ్మ!"

"జర ఆగు."

"ఇంకేంది? బస్సు పోతది!"

"తవ్వుతె రెండు డబ్బీలెల్తయి. రెండూ తీస్కపో."

"రెండోదేంది?"

"మీ మామది. పక్షవాతంతోని పోయిండని మీకందరికి చెప్పిన. గాదు బిడ్డ. ఆయన ఎన్నుపూసల గూడ గిదే గడ్డ."