పెళ్లి లడ్డూ గులాబీరంగుకి తిరిగిన రోజు

"మామ్మా, మన ఇళ్లల్లో పెళ్లి లడ్డూ అలా పాలిపోయినట్టు ఉంటుందేం?"

అదా? నా పెళ్లినాటి గొడవ తల్లీ అది. ఇలా కూచో.

అప్పుడు రాయపూర్ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. శనగపిండి శేరు అణాల్లో దొరికేది. మా మేనత్త అయితే ఏకంగా బస్తాలే... సరే, దాని సంగతెందుకులే. మిఠాయిల్లో బట్టలకేసే రంగు కలిపేస్తున్నారని, పిల్లల కడుపులు పాడవుతున్నాయని మునిసిపాల్టీ వాళ్లు మునాదీ వేయించారు. అదేనే, డప్పు కొట్టించి చెప్పించారు. ఆ రంగు కనిపిస్తే మిఠాయంతా గోతిలో పూడ్చేస్తామని. మా అమ్మ విననైతే వింది. "అది కొట్లవాళ్లకి, మనకేటి?" అంది. చీరలకి అద్దగా మిగిలిన పసుపురంగు పొట్లం వంటాయన చేతిలో పెట్టేసింది.

మా నాన్న ఏం చేశాడనుకున్నావు? మర్యాదకని ఆ మునిసిపాల్టీ ఇనస్పెక్టరునే పిలిచి, మొదటి లడ్డూ ఆయన పళ్లెంలోనే పెట్టాడు! ఆయన తినలేదు. జేబులోంచి చిన్న సీసా తీశాడు, తేజాబట, అదేనే, యాసిడ్డు, ఒక్క చుక్క వేశాడు. లడ్డూ గులాబీరంగైపోయింది.

అమ్మ ఊరుకుంటుందా? పసుపన్నాక ఎర్రబడదా, సున్నం కలిపితే పారాణి అవదా అని వచ్చీరాని హిందీలో అరుస్తూ, పెళ్లికూతుర్ని, నన్ను, లాక్కొచ్చి నా కాళ్లు చూపించింది. "దేఖో! హల్దీ! లాల్!" సిగ్గుతో చచ్చాననుకో. ఆయన నవ్వలేదు. గిన్నెడు పసుపునీళ్లు తెప్పించి అందులోనూ చుక్క వేశాడు. అవి పసుపుగానే ఉన్నాయి. అమ్మ నా కాళ్లమీద చీర కప్పేసింది.

నాలుగు గంపల లడ్డూలు పెరట్లో పూడ్చేశారు. మగపెళ్లివారి రైలు ఇంకో రెండు గంటల్లో. లడ్డూ లేదంటే మా అత్తగారు అదే రైల్లో వెనక్కిపోయే మనిషి. నాన్న గొయ్యి పక్కనే కూలబడి ఏడ్చేడమ్మా. అది చూసి ఆ ఇనస్పెక్టరు చొక్కా చేతులు మడిచి, వంటాయన పక్కన కూచుని తానూ ఉండలు చుట్టాడు. రంగులేని లడ్డూలు.

అత్తగారు విస్తట్లోకి చూసి, "ఈ లడ్డూకి జొరమొచ్చిందేటి?" అంది.

"లడ్డూకొస్తే ఫరవాలేదు వదినగారూ, తిన్న పిల్లలకి రాకూడదు" అంది మా అమ్మ. ముందురాత్రి పొట్లమిచ్చిన మనిషే!

ఇంకోటి చెప్తాను, ఎవరికీ అనకు. తలంబ్రాలప్పుడు నేను ముడుచుకుపోయి కూచుంటే, పిల్లకెంత సిగ్గో అని అందరూ మెచ్చుకున్నారు. సిగ్గూ లేదు ఏమీ లేదు. ఉపవాసం ఉండలేక తెల్లారే మూడు రంగు లడ్డూలు మింగేశాను, కడుపునొప్పి! మీ తాతకి కూడా చివరిదాకా చెప్పలేదు.

నీ పెళ్లికీ లడ్డూ పాలిపోయే ఉండాలి, తెలిసిందా? చల్లగా ఉండు తల్లీ... ఆ మంచినీళ్లిలా ఇయ్యి.